అమ్మ ఫోన్‌లో భయపెట్టే వీడియోలు తగ్గించడం ఎలా: నేను చేసిన పనులు, చేసిన వరసలో

రెండేళ్లు హైదరాబాద్‌లో ఒక యూట్యూబ్ ఛానల్‌కి థంబ్‌నెయిల్స్ (వీడియో తెరవకముందు కనిపించే బొమ్మలు) చేశాను, టైటిల్స్ రాశాను. ఎర్ర గుండ్రం, బాణం గుర్తు, నోరు తెరిచిన ముఖం, కింద 'ఇది తెలియక రోజూ తింటున్నారా?' అనే ప్రశ్న. మామూలు ఫొటో పెట్టిన రోజు వ్యూస్ పడిపోయేవి, మర్నాడు మళ్లీ ఎర్ర గుండ్రమే పెట్టేవాళ్లం.

పోయిన సంక్రాంతికి ఖమ్మం వెళ్తే, అమ్మ బీపీ మాత్ర మానేసి పన్నెండు రోజులైందని తెలిసింది. "కిడ్నీలు పాడవుతాయంట నాన్నా, ఫోన్‌లో చూపించారు" అంది. ఆ వీడియో తీసి చూశాను. మా ఛానల్‌ది కాదు. కానీ ఆ టైటిల్ నేను రాసినట్టే ఉంది. సాయంత్రమే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, మాత్ర మళ్లీ మొదలుపెట్టించాను. మర్నాడు ఫోన్ పట్టుకుని కూర్చున్నాను.

మీ ఇంట్లోనూ ఇలా ఉంటే, ముందు ఒక సాయంత్రం ఊరికే పక్కన కూర్చోండి. తిట్టొద్దు, ఫోన్ లాక్కోవద్దు. వేలు ఎక్కడ ఆగుతుందో చూడండి. అమ్మ వేలు మూడు చోట్ల ఆగింది: జబ్బులు, పిల్లల కిడ్నాపులు, నటీనటుల చావులు. "ఇవి నువ్వు వెతికావా?" అనడిగితే "లేదు, అవే వచ్చాయి" అంది. అది నిజం. జనం యూట్యూబ్ చూసే సమయంలో 70 శాతానికి పైగా సిఫారసుల వల్లేనని, తర్వాత సీఈఓ అయిన నీల్ మోహన్ 2018లో స్వయంగా చెప్పాడు. 2012 నుంచి ఆ సిఫారసులకు క్లిక్ కంటే ఎంతసేపు చూశారన్నది ముఖ్యమైంది. భయం వేసిన మనిషి వీడియో మధ్యలో వదిలెయ్యడు, చివర్లో ఏం చెబుతారో అని చూస్తూనే ఉంటాడు. అలా చూసిన ప్రతి నిమిషం 'ఇలాంటివి ఇంకా పంపు' అని చెప్పినట్టే.

ఇప్పుడు అసలు పని. చాలామంది 'నాట్ ఇంట్రెస్టెడ్' నొక్కి ఊరుకుంటారు. నేనూ మొదట అదే చేశాను, పెద్దగా మార్పు రాలేదు. మొజిల్లా సంస్థ 2022లో ఇరవై వేల మందికి పైగా వాడేవాళ్లతో దీన్ని పరీక్షించింది. వద్దనుకున్న సిఫారసుల్లో ఆ బటన్ ఆపింది 11 శాతమే, డిస్‌లైక్ ఆపింది 12 శాతం. వీడియోని హిస్టరీలోంచి, అంటే చూసిన వీడియోల జాబితాలోంచి తీసేస్తే 29 శాతం, 'డోంట్ రికమెండ్ ఛానల్' నొక్కితే 43 శాతం ఆగాయి. కాబట్టి ఈ చివరి రెండూ కలిపి చేయండి. హోమ్‌లో వీడియో పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే 'డోంట్ రికమెండ్ ఛానల్' వస్తుంది. తర్వాత హిస్టరీలోకి వెళ్లి, భయపెట్టిన వీడియోలు ఒక్కొక్కటీ తీసేయండి. నాకు గంటన్నర పట్టింది. హిస్టరీ మొత్తం చెరిపి, ఆపేస్తే సులువు కదా అనిపిస్తుంది. అలా చేస్తే హోమ్ ఖాళీగా కనిపిస్తుంది, ఫోన్ పాడైందని పెద్దవాళ్లు కంగారు పడతారు. ఒకటి అయిపోగానే ఇంకోటి దానంతటదే మొదలయ్యే ఆటోప్లే మాత్రం వెంటనే ఆపేయండి.

తీసేసిన చోట మంచివి నింపాలి. అమ్మకి ముగ్గులు, ఊరగాయలు, ప్రవచనాలు ఇష్టం. ఆమె చేతే వెతికించి, నచ్చిన ఛానళ్లకు సబ్‌స్క్రైబ్ చేయించి, రోజూ రెండు వీడియోలు చివరిదాకా చూడమన్నాను.

రెండు వారాలు బాగానే ఉంది. తర్వాత హత్యల వీడియోలు వరదలా వచ్చాయి. నాకు చాలా టెన్షన్ వచ్చింది, ఏం తప్పు చేశానో అర్థం కాలేదు. చూస్తే హాల్లో టీవీ కూడా అమ్మ అకౌంట్‌తోనే నడుస్తోంది, నాన్న రాత్రిళ్లు క్రైమ్ కథలు చూస్తున్నారు. నాన్నకి వేరే అకౌంట్ పెట్టాను. మీరు ఈ పని మొదటి రోజే చేయండి.

ఫేస్‌బుక్‌లో కోపంతో కామెంట్ పెట్టొద్దని చెప్పండి. 2017లో, ఏ పోస్టు ఎక్కువమందికి చూపాలో తేల్చేటప్పుడు, కోపం బొమ్మ నొక్కితే లైక్‌కి ఐదు రెట్ల విలువ ఇచ్చారని, ఆ కంపెనీ లోపలి కాగితాలు 2021లో బయటపడినప్పుడు తెలిసింది. 2020లో దాన్ని సున్నా చేశారు, కానీ తిట్టడానికి పెట్టిన కామెంట్ కూడా ఆ పోస్టుకి ఊపిరే. చావు వార్తలకూ ఇంతే. 2023 మార్చిలో కోట శ్రీనివాసరావు గారు చనిపోయారని పుకారు పుట్టిస్తే, పాపం ఆ వయసులో ఆయనే వీడియోలో కనిపించి బతికే ఉన్నానని చెప్పుకోవాల్సి వచ్చింది. ఏడుస్తూ నొక్కినా, నిజమా కాదా అని నొక్కినా పుట్టించినవాడికి దక్కేది వ్యూనే. అమ్మకి ఇదే చెప్పాను: ఎవరైనా పోయారని కనిపిస్తే నొక్కకు, టీవీ వార్తల్లో చూడు.

వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తుతో వచ్చినవి చాలాసార్లు చేతులు మారినవి. అవి ఎవరికీ పంపకుండా ముందు నాకు చూపించమన్నాను. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ ఇలాంటి ఫార్వర్డులే పాకి, కొన్నిచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. అప్పట్లో గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊరూరికీ పంపి, పాటలతో, మాటలతో జనానికి నచ్చజెప్పించారు. ఇంట్లోనూ అలా కూర్చుని చెబితేనే పని జరుగుతుంది. మెసేజ్‌కి జవాబుగా మెసేజ్ పంపితే అమ్మ చదవను కూడా చదవదు.

యూట్యూబ్‌లో వచ్చే చిన్న వీడియోలు, షార్ట్స్, ఇంకా నాకు లొంగలేదు. వేలితో తోసే లోపే నాలుగు వచ్చేస్తాయి. అందుకే ఆదివారం ఆదివారం అమ్మతో వీడియో కాల్‌లో ఉండి, నాన్న చేత హిస్టరీ తెరిపిస్తున్నాను. పది నిమిషాల పని.

మాత్రల డబ్బా మూత మీద డాక్టర్ నంబర్ పెద్ద అంకెల్లో రాసి అంటించాను. ఏ వీడియో ఏం చెప్పినా, మాత్ర మానే ముందు ఆ నంబర్‌కి ఫోన్ చేయాలి. పోయిన నెల రెండుసార్లు చేసింది.