మద్యం అలవాటు గురించి రోగితో మాట్లాడటం: ప్రాథమిక వైద్యులకు కొన్ని సూచనలు

మద్యం వల్ల ముప్పు వ్యసనపరులకే పరిమితం కాదు. మందులు వాడుతున్నా అదుపులోకి రాని రక్తపోటు, నిద్రలేమి, తగ్గని కడుపుమంట వంటి బాధలతో వచ్చేవారిలో కొందరికి, తాము తాగేదానికీ ఆ బాధకూ సంబంధం ఉందన్న ఆలోచనే రాదు. అందుచేత బీపీ చూసినంత మామూలుగా వయోజనులందరినీ ఈ విషయం అడగాలి. అనుమానం కలిగినవారినే అడిగితే అది నిందలా వినిపిస్తుంది.

"తాగుతారా?" అంటే "అప్పుడప్పుడూ" అన్న జవాబే వస్తుంది. దానికి బదులు ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన 'ఆడిట్' ప్రశ్నావళిలోని మొదటి మూడు ప్రశ్నలు వేయండి: ఎన్నాళ్లకోసారి తాగుతారు, తాగిన రోజున ఎంత, ఒకే విడతలో ఆరు డ్రింకులకు తగ్గకుండా తాగడం ఎంత తరచు. ఈ మూడింటి మొత్తం 12 మార్కులకు పురుషులకు 4, స్త్రీలకు 3 గానీ అంతకుమించి గానీ వస్తే మిగిలిన ఏడూ అడగాలి. మొత్తం 40కి 8 గానీ అంతకుమించి గానీ వస్తే ముప్పు ఉన్నట్టు. 20 గానీ ఆపైన గానీ వస్తే వ్యసనాన్ని శంకించాలి.

పరిమాణం దగ్గరే లెక్క తప్పుతుంది. 10 గ్రాముల ఆల్కహాల్‌ను ఒక డ్రింకుగా తీసుకుంటే, 40 శాతం మద్యం 60 మిల్లీలీటర్లలో దాదాపు రెండు, 5 శాతం బీరు 650 మిల్లీలీటర్లలో రెండున్నర ఉంటాయి. "బీరే కదా" అనేవారి ఎదుటే ఈ లెక్క కాగితంపై వేసి చూపించండి.

ఆ తర్వాత, "దీని గురించి కాసేపు మాట్లాడుకోవచ్చా?" అని అనుమతి తీసుకుని, రోగి సొంత పరీక్షల ఫలితాలతో ముడిపెట్టి చెప్పాలి. తగ్గించడం ఎంత ముఖ్యమో పదికి ఎన్ని మార్కులేస్తారని అడగండి. నాలుగు అంటే, "రెండే ఎందుకు వేయలేదు?" అనండి. అప్పుడు కారణాలు ఆయన నోటి నుంచే వస్తాయి. మందలింపు కన్నా వాటికే బలమెక్కువ. ఐదు నుంచి పదిహేను నిమిషాల ఈ సంభాషణ వృథా కాదని నా గట్టి నమ్మకం.

అయితే రోజూ అతిగా తాగుతూ, మానితే ఉదయాన్నే చేతులు వణికేవారికి "రేపటి నుంచి మానేయండి" అని చెప్పి పంపడం ప్రమాదకరం. మానిన 6 నుంచి 48 గంటల్లో మూర్ఛ, రెండు మూడు రోజులకు తీవ్రమైన మతిభ్రమ రావచ్చు కనుక, థయామిన్ (విటమిన్ బి1) ఇచ్చి, వైద్య పర్యవేక్షణలోనే మాన్పించాలి. గర్భిణులకు మాత్రం సురక్షిత పరిమాణమంటూ ఏదీ లేదని స్పష్టంగా చెప్పండి.

అంగీకరించిన లక్ష్యాన్ని కేసు షీటులో రాసి, నాలుగు వారాల్లో మళ్లీ రమ్మనండి. తగ్గించలేకపోయినా సరే, తప్పకుండా రమ్మని చెప్పండి.