వెతికితే మనమే ముందు – 4వ పాఠం: లంకె బరువు

కిందటి పాఠంలో ఎవరూ వాడని ఒక మాట పుట్టించుకున్నాం: తుంపరగుర్రం. దాన్ని గూగుల్‌లో వెతికితే మన పేజీయే ముందు రావాలని, దాని మీద ఒక పేజీ రాశాం. మాట శీర్షికలో ఒకసారి, మొదటి పేరాలో ఒకసారి ఉంటే చాలన్నాను. అయినా ఆగలేక నలభైసార్లు కుక్కినవారు ఆ ముప్పై ఎనిమిదీ తీసేసి రండి.

ఈసారి పేజీని ముట్టుకోం. పనంతా బయటే: ఇతరుల సైట్ల నుంచి మన పేజీకి లంకెలు (లింకులు) సంపాదించడం.

ఈ కసరత్తు నేను కల్పించింది కాదు. 2004 మే 7 నుంచి జులై 7 వరకు ఇలాంటి పోటీయే జరిగింది. 'నిగ్రిట్యూడ్ అల్ట్రామెరైన్' అని గూగుల్‌లో వెతికితే ఎవరి పేజీ మొదట వస్తుందో వారిదే గెలుపు. మొదటి మాటకు నలుపని, రెండోదానికి ఒక రకం నీలమని అర్థం. పోటీ పెట్టిన సంస్థ పేరు డార్క్‌బ్లూ, అంటే ముదురు నీలం! ఈ విద్యలో తలపండినవారు రెండు నెలలు కిందామీదా పడ్డారు. చివరి రోజున మొదటి స్థానంలో ఉన్నది అనిల్ డాష్. ఏళ్లుగా బ్లాగు రాస్తూ పాఠకులను సంపాదించుకున్న మనిషి. తన పేజీకి లంకె ఇవ్వమని వారిని అడిగాడు, అంతే.

అడిగితే గెలుపెలా వచ్చింది? కాగితం తీసుకోండి. 1998లో గూగుల్ స్థాపకులు బ్రిన్, పేజ్ వివరించిన, పేజీల విలువ కట్టే పేజ్‌ర్యాంక్ లెక్కలో ప్రతి లంకె ఒక సిఫారసు. ఒక పేజీ విలువ 1 అనుకుందాం. అది ఇద్దరికే లంకె ఇస్తే ఒక్కొక్కరికి అందేది 0.85 ÷ 2, అంటే 0.425. యాభై మందికి ఇస్తే 0.017. ఊరందరికీ సిఫారసు ఉత్తరాలు రాసే పెద్దమనిషి ఉత్తరానికి ఉండే విలువే ఇదీ. 0.85 ఎందుకంటే, చదివేవారు ప్రతిసారీ లంకె పట్టుకునే పోరు. నూటికి పదిహేనుసార్లు ఇంకెక్కడికో దూకుతారని బ్రిన్, పేజ్‌ల అంచనా. నేటి గూగుల్ ఇంకా చాలా చూస్తుంది కానీ, లంకెల లెక్క మాత్రం వదల్లేదు.

రెండో సంగతి లంకె మీది అక్షరాలు. 'ఇక్కడ నొక్కండి' అని ఉంటే యంత్రానికి తెలిసేదేమీ లేదు. 'తుంపరగుర్రం' అనే ఉండాలి. తెలుగులో ఇంకో చిక్కు: ఒకరు కలిపి రాస్తారు, ఇంకొకరు 'తుంపర గుర్రం' అని విడదీస్తారు. అడిగేటప్పుడే మాటను కాపీ చేసి పంపండి.

లంకెలు కొనకండి. 2012లో పెంగ్విన్ అనే మార్పు తెచ్చి, అలా పైకెక్కిన పేజీలను గూగుల్ కిందికి దించింది.

అభ్యాసం: సొంత సైటు ఉండి, మీ రాతలు నిజంగా చదివే ముగ్గురిని లంకె అడగండి. మాటను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి రోజూ వెతికి, మీ పేజీ ఎన్నో స్థానంలో ఉందో తేదీతో రాసుకోండి. అయిదో పాఠానికి ఆ కాగితం కావాలి.