ఆర్బిటర్ సిమ్యులేటర్‌లో షటిల్ ఎప్పుడూ చీకట్లోనే దిగుతోందా?

సమస్య: ఆర్బిటర్ అనే అంతరిక్షయాన సిమ్యులేటర్ (సిమ్)లో షటిల్ నడుపుతున్నారు. డీఆర్బిట్ బర్న్ (కక్ష్య నుంచి కిందికి దిగడానికి ఇంజిన్ మండించడం) బాగానే కుదిరింది, రీ-ఎంట్రీ (వాతావరణంలోకి తిరిగి రావడం) కూడా సాఫీగా అయింది. తీరా ఫ్లోరిడాలోని కెనడీ రన్‌వే దగ్గరికి వచ్చేసరికి కటిక చీకటి. హనుమకొండ, కాజీపేట తమ్ముళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. "అన్నా, బర్న్ చేసినప్పుడు కింద మంచి ఎండ ఉండె" అని కూడా చెప్తారు.

చీకటికి కారణం ఆ ఎండే. కెనడీలో దిగే షటిల్ బర్న్ చేసేది ల్యాండింగ్‌కు సుమారు గంట ముందు, హిందూ మహాసముద్రం మీద. అంటే దాదాపు భూమికి అటువైపు. అక్కడ మిట్టమధ్యాహ్నం అయితే కెనడీలో అర్ధరాత్రి. దిగేసరికి ఒంటిగంట. కిటికీలోంచి చూసి టైమ్ నిర్ణయించకండి. మ్యాప్ ఎంఎఫ్‌డీ (కాక్‌పిట్‌లో మ్యాప్ చూపించే తెర)లో పగలు-రాత్రి గీత ఆన్ చేసి, గంట తర్వాత రన్‌వే దానికి ఎటువైపు ఉంటుందో చూడండి. ఈ ఒక్కటీ చూడకుండా ఆటోపైలట్‌ను తప్పుపట్టేవాళ్లే ఎక్కువ.

సిమ్ గడియారం యూటీ (గ్రీనిచ్ టైమ్)లో ఉంటుంది, మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనక. వేసవిలో వరంగల్‌లో రాత్రి 10 అయితే ఫ్లోరిడాలో మధ్యాహ్నం 12:30. ఇక్కడ పొద్దున 7 అయితే అక్కడ రాత్రి 9:30. కాలేజీకి పోయే ముందు ఇప్పటి టైమ్‌తోనే సిమ్ తెరిస్తే అక్కడ చీకటి ఉండక తప్పదు.

ఇవన్నీ సరిచూసుకున్నా చీకటేనా? అయితే అసలు దొంగ కక్ష్య తలం, అంటే షటిల్ తిరిగే కక్ష్య ఉండే ఊహా సమతలం.

"ఒక రోజు ఆగి దిగుతా" అంటారు. లాభం లేదు. కక్ష్య తలం దాదాపు ఒకేచోట నిలిచి ఉంటుంది, దాని కింద భూమి తిరుగుతుంది. కెనడీ ఈరోజు రాత్రి రెండింటికి ఆ తలం కిందికి వస్తే, రేపూ ఇంచుమించు ఆ వేళకే వస్తుంది. ఐఎస్ఎస్ (అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం)కు వెళ్లే, మధ్యరేఖకు 51.6 డిగ్రీలు వాలిన కక్ష్యలోనైతే భూమి నడుము దగ్గర ఉబ్బు వల్ల తలం రోజుకు సుమారు 5 డిగ్రీలు పడమరకు జరుగుతుంది. సూర్యుడి చుట్టూ భూమి కదిలే ఇంకో డిగ్రీ కలిపితే, ఆ వేళ రోజురోజుకూ దాదాపు 24 నిమిషాలు తొందరగా వస్తుంది.

కాబట్టి ఆగాలా వద్దా అన్నది వేళను బట్టి ఉంటుంది. పాస్ (కక్ష్య కెనడీ మీదుగా పోయే వేళ) అక్కడి టైమ్ రాత్రి 9:30కి ఉంటే ఐదు రోజులు ఆగండి, 7:30కి వస్తుంది. వేసవిలో అప్పటికి అక్కడ ఇంకా వెలుతురే. అదే తెల్లవారుజామున 5కి ఉంటే, ఆగినకొద్దీ నడిరాత్రిలోకి పోతారు. అసలు షటిల్‌కూ ఈ లెక్క తప్పలేదు: 2011 జులై 21న అట్లాంటిస్ చివరిసారి దిగింది కూడా అక్కడి టైమ్ ఉదయం 5:57కి, సూర్యోదయానికి ముందే.

ఆగే ఓపిక లేకపోతే రెండో పాస్ చూడండి. ఈ కక్ష్య కెనడీ మీదుగా రోజుకు రెండు వేళల్లో పోతుంది: నైరుతి నుంచి ఈశాన్యానికి ఎక్కుతూ ఒకసారి, సుమారు ఎనిమిదిన్నర గంటల తర్వాత వాయవ్యం నుంచి ఆగ్నేయానికి దిగుతూ ఇంకోసారి. ఎక్కే పాస్ రాత్రి రెండింటికైతే, దిగే పాస్ పొద్దున పదిన్నరకు. చాలామంది బేస్‌సింక్ ఎంఎఫ్‌డీ (రన్‌వే మీదుగా పోయే పాస్‌ల జాబితా ఇచ్చే తెర) చూపించిన మొదటి పాస్‌నే పట్టుకుంటారు. జాబితాలో ఇంకా కిందికి చూడండి.

లెక్క సరిగ్గా వేసుకుని రోజుల తరబడి ఆగినా వేళ కదలడం లేదంటే, లాంచ్‌ప్యాడ్ (సిమ్ మొదలయ్యే ముందు వచ్చే సెట్టింగ్స్ విండో)లో పారామీటర్స్ ట్యాబ్ తెరవండి. "నాన్-స్ఫెరికల్ గ్రావిటీ సోర్సెస్" దగ్గర టిక్ ఉండదు. అది లేకపోతే సిమ్‌కు భూమి గుండ్రటి బంతే, తలం జరగదు. 24 నిమిషాలకు బదులు రోజుకు 4 నిమిషాలే కదులుతుంది. ఐదు రోజులకు రెండు గంటలు వస్తాయనుకుంటే ఇరవై నిమిషాలే వస్తాయి. నా దాకా వచ్చిన మొండి కేసుల్లో ఎక్కువ భాగం ఈ టిక్ దగ్గరే తేలాయి. రోజులు లెక్కపెట్టే ముందు అది చూసుకోండి.

మిగతావి అరుదు. చలికాలంలో అక్కడ పగలు తక్కువ, సాయంత్రం పాస్‌ను నమ్ముకోకండి. కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అనే గేమ్‌లోనైతే రన్‌వే మధ్యరేఖ మీదే ఉంటుంది. మధ్యరేఖ కక్ష్యలో ఉంటే ప్రతి చుట్టులోనూ దాని మీదుగానే పోతారు, తెల్లారేదాకా టైమ్ వార్ప్ చేసి (టైమ్‌ను వేగంగా నడిపి) దిగిపోవచ్చు.