తొలకరిలో పాము కనిపిస్తే, ఫోన్ తీసే ముందు

పోయిన వారం మా పక్క ఊళ్ళో కోళ్ల గూటికి కట్టిన వలలో రక్తపింజర ఇరుక్కుంది. కదల్లేదులే అని ఒక కుర్రాడు ఫోన్‌తో దాని మీదికి వంగాడు. చేతి మీద కాటేసింది. ప్రాణం దక్కింది గానీ కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ మీద ఉన్నాడు. వానలకు బొరియల్లో నీళ్ళు చేరి పాములు బయటికొచ్చే రోజులివి. జాగ్రత్తగా ఉండమని ఎవరైనా చెబుతారు. పాములు పట్టేవాళ్ళతో కొన్నేళ్ళుగా తిరుగుతూ నేను పదేపదే చూసిన తప్పు ఒకటుంది.

ఫోన్ తెరలో చూస్తూ అడుగు ముందుకు వేయకండి. ఫోన్‌లో మామూలుగా వాడే కెమెరా వెడల్పుగా చూస్తుంది. నాలుగడుగుల్లో ఉన్న పాము కూడా తెర మీద చిన్నగా, ఎక్కడో దూరంగా ఉన్నట్టు కనిపిస్తుంది. పడగ సరిగ్గా రావట్లేదని ఒక అడుగు, ఇంకో అడుగు. కళ్ళు తెర మీద ఉంటే కాళ్ళు ఎక్కడిదాకా వెళ్ళాయో తెలియదు. ముందు ఫోన్ దించి కంటితో దూరం చూసుకోండి. పది అడుగులకు తగ్గకూడదు. అక్కడే నిలబడి జూమ్ చేయండి. ఫొటో మసగ్గా వచ్చినా పర్వాలేదు.

ఏ పామో నాకు తెలుసన్న ధీమా వద్దు. రక్తపింజరను కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో పట్టుకున్నవాళ్ళున్నారు. దాని వీపు మీద గొలుసులా మచ్చలుంటాయి, కుక్కర్ విజిల్‌లా బుసకొడుతుంది. కట్లపాము పగలు చుట్ట చుట్టుకుని మెత్తగా పడి ఉంటుంది. కాటు నొప్పి పెద్దగా తెలియదు. కొన్ని గంటలకు కనురెప్పలు వాలిపోతాయి, ఆ తర్వాత ఊపిరి ఆడదు. తూర్పు కనుమల్లో గిరినాగు కనిపిస్తే ఫొటో మాటే మర్చిపోండి. మన ఆస్పత్రుల్లో ఉండే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలకు తయారుచేసింది, గిరినాగు విషానికి కాదు.

పడగ విప్పించాలని కర్రతో కదపకండి. ఫొటో కోసం రాళ్ళు ఎత్తకండి. పుట్టలోకి ఫోన్ పెట్టకండి. సెల్ఫీ వద్దు, పాముకు వీపు చూపించి నిలబడతారా! పాములు పట్టేవాళ్ళు వచ్చినప్పుడు చుట్టూ గుంపు కట్టకండి, దానికి పారిపోయే దారి ఉండాలి. రాత్రి టార్చి కాళ్ళ ముందుండాలి, పాము మీద కాదు. చచ్చిన పాము పక్కన చేయి పెట్టి కొలత చూపించకండి, తెగిన తల కూడా కొంతసేపు కాటేయగలదు. పిల్లల చేతికి ఫోన్ ఇచ్చి ముందుకు పంపకండి. మళ్ళీ చెబుతున్నా, తెరలో చూస్తూ అడుగు వేయకండి.

కాటు పడితే ఉంగరాలు, గడియారం తీసేయండి. కాటు పడ్డ చేయి, కాలు కదలనివ్వకండి. తాడు బిగించకండి, కోయకండి, పసరు పెట్టకండి. 108కి ఫోన్ చేయండి. డాక్టరుకు చూపించాలని పాము ఫొటో కోసం మళ్ళీ వెనక్కి వెళ్ళకండి. ఆ నాలుగు పాములకూ ఇచ్చేది ఒకటే మందు, లక్షణాలు చూసి వాళ్ళు మొదలుపెడతారు.