ఫైబర్ పడవ పగులు, ఇంటి దగ్గరే మరమ్మతు: మూడో పాఠం

పోయిన పాఠంలో పడవలో నీళ్లు పోసి, అడుగున ఎక్కడ చెమర్చిందో చూసి చాక్‌పీసుతో గీత గీసుకున్నాం. ఇవాళ ఆ గీత మీద గ్రైండర్ పెడతాం. కానీ ముందు పడవ ఆరిందో లేదో తేల్చుకోవాలి.

పాకాల చెరువులోనో లక్నవరం చెరువులోనో నెలల తరబడి నానిన పడవ రెండు రోజుల ఎండకు పైన ఆరుతుంది, పగులు లోపల ఆరదు. పగులు మీద పాలిథిన్ ముక్క పరిచి, నాలుగు వైపులా టేపు వేసి, ఒక పూట ఎండలో ఉంచండి. కవరు లోపల చెమట పట్టిందంటే ఇంకా తడి ఉన్నట్టే. మొదటిసారి నేను ఇది చూడలేదు, పైపైన తుడిచి పుట్టీ మెత్తాను. చెరువు నడుమకు పోయేసరికి అతుకు అంచు లేచింది. మా బాపు, నేను డబ్బాతో నీళ్లు తోడుకుంటూ ఒడ్డుకొచ్చాం. బాపుకు ఈత రాదు. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

ఆరిన తర్వాత పగులు రెండు చివర్లలో 3 మి.మీ. డ్రిల్ బిట్‌తో చిన్న రంధ్రం వేయండి. పగులు అక్కడితో ఆగుతుంది.

ఇక అసలు పని చెక్కడం. గీత వెంట సన్నగా గాడి తీస్తే చాలదు, పళ్లెంలా వాలుగా చెక్కాలి. మందానికి పన్నెండు రెట్ల వాలు ఉండాలి. పడవ మందం 5 మి.మీ. అయితే పగులుకు అటు 60, ఇటు 60 మి.మీ. అంత వెడల్పు చూస్తే మంచి పడవను పాడు చేస్తున్నామా అనిపిస్తుంది. వెనక్కి తగ్గకండి, కొత్త పొర పట్టుకునేది ఆ వాలునే. మధ్యమధ్య రూపాయి బిళ్లతో తట్టి చూడండి. టక్కుమంటే గట్టి ఫైబర్. డొల్లగా మోగితే లోపల పొరలు విడిపోయాయి, అక్కడా చెక్కాల్సిందే.

మాస్కు, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. పిల్లల్ని దగ్గరికి రానీయకండి. ఒంటిమీద పడిన పొడిని రుద్దకుండా చల్లటి నీళ్లతో కడగండి.

వచ్చే పాఠానికి 450 గ్రాముల మ్యాట్ (చదరపు మీటరుకు అంత తూగే గాజు నార పరుపు) తెచ్చుకోండి. ఒక పొర సుమారు 1 మి.మీ. లేస్తుంది కాబట్టి 5 మి.మీ. మందానికి ఐదు ముక్కలు, ఒకదానికన్నా ఒకటి పెద్దగా కత్తిరించి ఉంచండి. రెసిన్ (మ్యాట్‌ను తడిపే జిగురు) కొనేటప్పుడు యాక్సిలరేటర్, అంటే త్వరగా గట్టిపడేలా చేసే మందు, ముందే కలిపిందే అడగండి. యాక్సిలరేటర్ విడిగా ఇస్తే, దాన్ని హార్డ్‌నర్‌తో (రెసిన్‌ను గట్టిపరిచే మందుతో) నేరుగా ఎన్నడూ కలపొద్దు, పేలుతుంది. రెండు సీసాలనూ పక్కపక్కన కూడా పెట్టకండి.