కొత్త అపార్ట్‌మెంట్లు వస్తే మన జంక్షన్ తట్టుకుంటుందా? లెక్క కట్టే విధానం

విశాఖపట్నంలో మధురవాడ, కొమ్మాది వైపు ఒక పెద్ద స్థలాన్ని చదును చేసి చుట్టూ రేకులు కట్టగానే, చుట్టుపక్కల కాలనీల వారు ట్రాఫిక్ పెరుగుతుందని అర్జీ రాస్తారు. అంతమాత్రం రాస్తే ఆ అర్జీ ఫైలులోనే ఉండిపోతుంది. ఏ జంక్షన్‌లో, ఏ మలుపు దగ్గర, ఏ గంటలో ఎంత భారం పెరుగుతుందో చూపితే సంగతి వేరు. కాలనీ సంఘంలో నలుగురు ఓపిక చేసుకుంటే ఆ లెక్క రెండు మూడు ఉదయాల పని.

ముందుగా ప్రాజెక్టు వివరాలు సేకరించాలి. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలోనో, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతోనో వచ్చే ప్రాజెక్టులు స్థిరాస్తి నియంత్రణ సంస్థ అయిన రెరాలో నమోదు కావాలి కనుక, ఫ్లాట్ల సంఖ్య, ఆమోదం పొందిన ప్లాను ఏపీ రెరా వెబ్‌సైటులో చూడవచ్చు. నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉంటే 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి కూడా అవసరం. ప్లానులో అన్నిటికంటే ముఖ్యంగా చూడవలసింది గేటు ఏ రోడ్డు మీదికి తెరుచుకుంటుందన్నది.

గేటు సంగతి మన ఊరిలో ఎందుకంత ముఖ్యమంటే, హనుమంతవాక నుంచి కొమ్మాది వరకు ఒక పక్క కొండలు, మరో పక్క సముద్రం ఉండడంతో హైవేకు సమాంతరంగా వెళ్లే దారులు తక్కువ. పైగా మధ్యలో డివైడర్ ఉంది. కొండవైపు గేటు నుంచి నగరానికి బయలుదేరిన వాహనం ముందు ఎడమకు తిరిగి ఆనందపురం దిక్కుగా వెళ్లి, తరువాతి జంక్షన్‌లో యూ టర్న్ తీసుకోవాలి. సముద్రంవైపు గేటు వారికి ఉదయం సులువే కానీ, ఆ ఇబ్బంది సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు ఎదురవుతుంది. కాబట్టి మ్యాపులో దగ్గరగా కనిపించే జంక్షన్ కాక, వాహనాలు వాస్తవంగా తిరిగే జంక్షన్‌ను లెక్కకు ఎంచుకోవాలి.

ఆ జంక్షన్‌లో ఉదయం 8 నుంచి 11 వరకు, సాయంత్రం 5 నుంచి 8 వరకు, పదిహేను నిమిషాలకొక వరుస చొప్పున, ఒక్కొక్క మలుపును ఒక్కొక్కరు లెక్కించాలి. బడులకు సెలవులున్న రోజులు, సింహాచలం గిరి ప్రదక్షిణ రోజు, స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు పనికిరావు. రుషికొండ బీచ్ రద్దీ కోసం ఆదివారం సాయంత్రాన్ని విడిగా లెక్కిస్తే మంచిది. తరువాత వాహనాలన్నిటినీ కారు ప్రమాణానికి, అంటే ఒక కారును 1గా పట్టే పీసీయూలకు మార్చాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పట్టిక ప్రకారం, ట్రాఫిక్‌లో ఆయా రకం వాహనాల వాటా పది శాతం, ఆపైన ఉన్నచోట బైకుకు 0.75, ఆటోకు 2, బస్సుకు 3.7 వేసుకోవాలి.

కొత్త ఫ్లాట్ల నుంచి ఎన్ని వాహనాలు వస్తాయో తెలుసుకోవడానికి విదేశీ పట్టికలను ఆశ్రయించకూడదు. అక్కడ మన బైకులూ ఉండవు, మన స్కూలు ఆటోలూ ఉండవు. దగ్గరలో జనం చేరిన అటువంటి సముదాయం గేటు ఎదుట ఒక ఉదయం కూర్చుంటే చాలు. వాచ్‌మన్‌తో ముందే మాట కలపడం మేలు, లేకపోతే లెక్క సగంలో లేవాల్సి వస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 200 ఫ్లాట్ల గేటు నుంచి రద్దీ గంటలో 40 బైకులు, 40 కార్లు బయటికి వచ్చాయనుకుంటే, అది 70 పీసీయూలు, అంటే ఫ్లాటుకు 0.35. కొండవైపు గేటుతో కొత్తగా 600 ఫ్లాట్లు వస్తే 210 అవుతాయి. వాటిలో నాలుగింట మూడు వంతులు నగరంవైపు వెళ్తాయనుకుంటే యూ టర్న్ మీద అదనంగా 158 పడతాయి. మూడున్నర మీటర్ల వెడల్పున్న ఒక వాహన వరుసలో (లేన్‌లో) పచ్చదీపం ఆగకుండా వెలిగితే గంటకు సుమారు 1,890 పీసీయూలు దాటగలవు. కానీ 120 సెకన్ల సిగ్నల్ చక్రంలో ఆ మలుపుకు దక్కేది 20 సెకన్లే అయితే దాటేవి 315 మాత్రమే. యూ టర్న్ నెమ్మదిగా సాగుతుంది కనుక వాస్తవంలో ఇంకా తక్కువే. ఇప్పటికే 240 తిరుగుతున్నచోట 158 చేరితే మొత్తం 398 అవుతుంది, గంట ముగిసేసరికి 83 మిగిలిపోతాయి. ఒక్కొక్కటి ఆరు మీటర్లు ఆక్రమిస్తుందనుకుంటే దాదాపు 500 మీటర్ల బారు, అది నేరుగా వెళ్లే వరుసను కూడా మూసేస్తుంది. పచ్చదీపాన్ని మరో ఐదు సెకన్లు పెంచమనడం సులువే గానీ, ఆ సెకన్లు ఎదుటి దారి నుంచే తీసుకోవాలి.

అదే రోడ్డు మీద రెరాలో నమోదైన ఇతర ప్రాజెక్టుల ఫ్లాట్లనూ ఇదే లెక్కలో కలపాలి. విడివిడిగా చూస్తే ప్రతి బిల్డరు లెక్కా చిన్నదిగానే కనిపిస్తుంది.

నివేదికను నగరపాలక సంస్థ (జీవీఎంసీ) పట్టణ ప్రణాళికా విభాగానికి ఇచ్చి, ప్రతిని ట్రాఫిక్ పోలీసులకు పంపాలి. ప్రాజెక్టును ఆపమనడం కంటే, గేటును పక్కరోడ్డు మీదికి మార్చమనో, ఆ మలుపును వెడల్పు చేశాకే నివాస అనుమతి ఇవ్వమనో అడిగితే పరిశీలించడానికి వీలుంటుంది. బిల్డరు తరఫున ట్రాఫిక్ అధ్యయనం సమర్పించారేమో 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు, సమాధానానికి గడువు 30 రోజులు. చేతిరాతతో గీతలు పెట్టిన లెక్క కాగితాలను మాత్రం పారేయకుండా, తేదీ, సమయం, నిలబడిన చోటు రాసి నివేదికకు జతచేయాలి.