పాత స్పోర్ట్స్ కారుకు కాయిల్ వెతుకుదాం – ఆరో పాఠం: లేబుల్ మీద 12, లోపల ఎంత?

ఈసారి పాజిటివ్ ఎర్త్ గురించి, అంటే బ్యాటరీ ప్లస్ వైపును బండి బాడీకి కలపడం గురించి చెబుదామనుకున్నాను. అది వచ్చే పాఠంలో చూద్దాం. పోయినసారి ప్లగ్గులకు నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ ఓమ్‌లు, అంటే కరెంటుకు అది ఎంత అడ్డుపడుతుందో (రెసిస్టెన్స్), మీటరుతో కొలవమన్నాక జరిగినవి విన్నాక ముందుకు వెళ్లబుద్ధి కాలేదు. బొబ్బిలి తమ్ముడొకరు బాగున్న కాయిల్‌ను పాత ఇనుముకు వేసేశారు. శ్రీకాకుళం పెద్దాయన ఒకరు తన ఎం.జి.బి. అనే పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారుకు కొత్త కాయిల్ బిగించి విజయనగరం బయల్దేరారు. రణస్థలం చేరకముందే బండి ఆగిపోయింది.

ముందు బొబ్బిలి సంగతి. నేను 3 ఓమ్‌లు రావాలని రాశాను, ఆయన మీటరు 3.7 చూపించింది. తప్పు కాయిల్‌ది కాదు. మీటరు మొనలు రెండూ ఒకదానికొకటి ఆనించి చూడండి, సున్నా రాదు. 0.5 రావచ్చు, 0.6 రావచ్చు. అది మీటరు వైర్ల సొంత రెసిస్టెన్స్. కొలిచిన అంకెలోంచి దాన్ని తీసేయాలి. 3.7లో 0.6 పోతే 3.1, అంటే కాయిల్ బాగానే ఉంది. నాకు చేతి అలవాటు కావడంతో ఇది రాయాలని తోచలేదు. అందుకు చాలా బాధగా ఉంది. కాయిల్ మీది రెండు చిన్న వైర్లూ ఊడదీశాకే కొలవాలి, అది మీకు తెలిసిందే.

ఇక శ్రీకాకుళం సంగతి. ఆయన కాయిల్ సరిగ్గా 1.5 చూపించింది. అయినా బిగించేశారు. ఫోన్‌లో అడిగితే, "ఏటి గురువుగారూ, లేబుల్ మీద 12 వోల్టులని అచ్చేసి ఉంది కదా" అన్నారు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఆ అంకే. దాన్ని నమ్మి ఎన్ని పాయింట్లు (కాయిల్‌కు కరెంటు కలుపుతూ తెంచుతూ ఉండే చిన్న కాంటాక్టులు) మాడిపోయాయో చూస్తూనే ఉన్నాను. చాలా లేబుళ్ల మీద ఆ 12కు అర్థం బండిలో 12 వోల్టుల బ్యాటరీ ఉందని. కాయిల్ ఆ 12నీ నేరుగా తట్టుకుంటుందని కాదు.

లెక్క వేద్దాం. 12ను 3తో భాగిస్తే 4 ఆంపియర్లు. పాయింట్లు హాయిగా మోసే కరెంటు అది. 12ను 1.5తో భాగిస్తే 8. ఇంజను తిరుగుతున్నప్పుడు డైనమో గానీ ఆల్టర్నేటర్ గానీ ఇచ్చేది 14 దాకా ఉంటుంది, అప్పుడు 9 దాటుతుంది. పాయింట్లు నీలంగా మాడతాయి, కాయిల్ చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది. 1.5 ఓమ్‌ల కాయిల్ చెడ్డదేమీ కాదు. దానికి ముందు ఇంకో 1.5 ఓమ్‌ల బలాస్ట్ రెసిస్టర్ ఉండాలి. పొలానికి నీళ్లు కొలిచి వదిలే తూము లాంటిది అది. రెండూ కలిపితే 3, మళ్లీ అదే 4 ఆంపియర్లు. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ పడిపోతుంది కాబట్టి ఆ కాసేపు తూము తప్పించి నేరుగా కరెంటు ఇస్తారు. చలిలో కూడా బండి వెంటనే అందుకుంటుంది.

తిరగేసినా ఇబ్బందే. బలాస్ట్ ఉన్న బండికి 3 ఓమ్‌ల కాయిల్ పెడితే 12ను 4.5తో భాగించాలి. 2.7 ఆంపియర్లే. స్టార్ట్ అవుతుంది, ఊళ్లో తిరుగుతుంది, హైవే ఎక్కి యాక్సిలరేటర్ నొక్కగానే మిస్సింగ్. మనవాళ్లు కార్బరేటర్ విప్పుతారు.

మరి మీ బండిలో బలాస్ట్ ఉందా? కళ్లతో వెతకొద్దు. 1974 చివర్లో రబ్బరు బంపర్లతో వచ్చిన ఎం.జి.బి.లలో అది విడి వస్తువుగా కనిపించదు, వైరింగ్‌లోనే రెసిస్టెన్స్ వైరుగా దాగి ఉంటుంది. మీటరుతోనే చూడాలి. పాత కాయిల్ బిగించి ఉండగానే, పాయింట్ల వైపు టెర్మినల్‌ను ఒక వైరుతో ఎర్త్ చేయండి. స్విచ్ ఆన్ చేసి, స్విచ్ వైపు టెర్మినల్ దగ్గర వోల్టులు చూడండి. 12 దరిదాపుల్లో ఉంటే బలాస్ట్ లేదు. 6, 7 ఉంటే ఉంది. ఎర్త్ చేయకుండా చూస్తే, పాయింట్లు తెరుచుకుని ఉన్నప్పుడు కరెంటే పారదు, బలాస్ట్ ఉన్నా 12 చూపిస్తుంది. శ్రీకాకుళం పెద్దాయన ఇంతకుముందు ఒకసారి ఇలాగే మోసపోయారు. నిమిషంలో ముగించి స్విచ్ ఆపేయండి, లేకపోతే కాయిల్ వేడెక్కుతుంది.

బలాస్ట్ లేదని తేలితే విదేశాల నుంచి తెప్పించి నెలలు ఆగడం నాకు నచ్చదు. ఎం.జి.బి.లో ఉన్న 1798 సి.సి. ఇంజనూ, మన పాత అంబాసిడర్‌లోని 1489 సి.సి. పెట్రోలు ఇంజనూ ఒకే బి.ఎం.సి. (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి-సిరీస్ కుటుంబం. నాలుగు సిలిండర్లు, పాయింట్ల డిస్ట్రిబ్యూటర్. దాని కాయిల్ దీనికి పనిచేస్తుంది. విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ షాపులో "అంబాసిడర్ కాయిల్" అని ఊరుకోవద్దు. డీజిల్ అంబాసిడర్‌కు కాయిలే ఉండదు, తర్వాత వచ్చిన ఇసుజు పెట్రోలు ఇంజను వేరు. "పాయింట్ల పెట్రోలు బండిది" అనండి. మీటరు జేబులో పెట్టుకెళ్లి కౌంటరు మీదే కొలవండి. డబ్బు ఇచ్చేది ఆ తర్వాతే. బంగారు రంగు స్పోర్ట్స్ కాయిల్ చూపిస్తే, పాయింట్లు బాగున్న బండికి నేనైతే కొనను. సముద్రం పక్కన కళింగపట్నం వైపు వాళ్లు టెర్మినళ్ల తుప్పు ముందు గీకండి.

అభ్యాసం: తెల్లవారుజామున చల్లటి కాయిల్ ఓమ్‌లు కొలవండి, ఆ వేళ ఎన్ని డిగ్రీలుందో రాసుకోండి. నెల్లిమర్ల దాకానో, అంత దూరం ఇంకో ఊరికో వెళ్లొచ్చి, బోనెట్ ఎత్తగానే వైర్లు తీసి మళ్లీ కొలవండి. రాగి రెసిస్టెన్స్ డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది. దాన్నిబట్టి లోపలి చుట్టలు ఎంత వేడెక్కాయో లెక్కగట్టండి. ఉదయం 25 డిగ్రీల దగ్గర 3.0 ఉండి, వచ్చాక 3.6 అయితే లోపల 75 డిగ్రీలన్నమాట. మూడు రోజులు ఇలాగే చేసి కాగితం దాచుకోండి. పాజిటివ్ ఎర్త్ పాఠంలో మొదట అడిగేది ఆ అంకెలే.